రివెట్టు కూడా ఒక కుట్టే!

ఈ వారం ఈ పేజీ చదివే ముందు ఒక్కసారి వంటింట్లోకి వెళ్ళి మీ మూకుడు తీసి చూడండి. చెవులు అతుకు పెట్టిన రకం కాకుండా బిగించిన రకం అయితే, చెవి మూకుడుకి తగిలే చోట చిన్న చిన్న గుండ్రటి బొడిపెలు కనిపిస్తాయి. అవి మేకులు కావు, మరలూ కావు. వాటిని రివెట్లు అంటారు. రెండు రేకులకి కలిపి బెజ్జం వేసి, అందులో మెత్తటి లోహపు ముక్క దూర్చి, తోక వైపు కొట్టి అణచేస్తారు. ఇంక ఆ రెండు రేకులూ విడిపోవు. కాగిన నూనెతో నిండిన మూకుడిని మీరు పొయ్యి మీంచి దించుతున్నారంటే, మీ చేతులు ఆ నాలుగు బొడిపెల మీద నమ్మకం పెట్టుకున్నట్టే.

ఇప్పుడు మూకుడు సంగతి ఎందుకంటారా? గాజువాక నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళమ్మాయి ఇంటర్ ఎం.పి.సి. పూర్తి చేసింది. విమానాలు నడపాలని కాదు, తయారుచెయ్యాలని, బాగుచెయ్యాలని పట్టు పట్టింది. కంప్యూటర్లో ఎవరో ఇంటి షెడ్డులో చిన్న విమానం కట్టుకోవడం చూసిందట, అప్పటి నుంచీ అదే ధ్యాస. తండ్రి “సుత్తి పట్టుకునే పని ఆడపిల్లకేమిటి?” అంటారు. నాన్నమ్మ “రేపు పెళ్ళిచూపుల్లో ఏమని చెబుతారు?” అంటారు. ఈలోగా ఒక సంస్థవాళ్ళు ఫోను చేసి లక్షల్లో ఫీజు చెప్పి, వారంలోగా అడ్వాన్సు కట్టమంటున్నారు. “అసలు ఆ పనేమిటో నాకే తెలియదు. తెలియకుండా అవుననలేను, కాదనలేను. మీరు చెప్పండి” అని ఆవిడ అడిగారు.

న్యాయమైన మాట. పనేమిటో తెలిశాక కదా మంచిచెడ్డలు! అందుకని ఈ వారం విమానం ఒళ్ళు ఎలా కడతారో, మనకి తెలిసిన మాటల్లో చెప్పుకుందాం.

ఇంటి దగ్గరే విమానమా?

అవునండీ, నిజమే. అమెరికాలో మామూలు మనుషులు విడిభాగాలు కొనుక్కుని ఇంటి గ్యారేజీలో విమానం కట్టుకుంటారు. అలాంటివాళ్ళ కోసం 1953లోనే ఒక పెద్ద సంఘం పుట్టింది. అక్కడి చట్టం ఒక్కటే గట్టిగా చెబుతుంది. అలా కట్టిన విమానానికి ‘ఇంట్లో తయారైనది’ అన్న అనుమతి కావాలంటే సగానికి పైగా పని కట్టుకునేవాళ్ళే చెయ్యాలి. ఆరెగాన్ రాష్ట్రంలో 1973లో మొదలైన ఒక కంపెనీ అమ్మిన భాగాలతో కట్టినవే పదివేలకు పైగా ఎగిరాయి. డబ్బంతా ఒక్కసారి పెట్టక్కరలేదు. ముందు తోక భాగం కొనుక్కోవచ్చు, అది అయ్యాక రెక్కలు, తర్వాత ఒళ్ళు. మనం చీటీ పాడుకుని ఇంటికి ఒక్కో గదీ వేసుకున్నట్టు.

మనవాళ్ళూ ఉన్నారు. ముంబైలో పైలట్ అమోల్ యాదవ్ తాము ఉండే భవనం డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు. 2016లో ముంబైలో జరిగిన ‘మేక్ ఇన్ ఇండియా’ ప్రదర్శనలో దాన్ని జనం చూశారు. 2017లో పౌర విమానయాన శాఖవారు దానికి రిజిస్ట్రేషన్ ఇచ్చారు. ఇంగ్లండులో స్థిరపడిన కేరళ ఇంజనీరు ఒకరు లాక్‌డౌన్ రోజుల్లో నాలుగు సీట్ల విమానం కట్టుకుని, 2022లో భార్యా పిల్లలతో యూరప్ దేశాలు తిరిగి వచ్చారు.

ఖర్చు మాట దాచనక్కరలేదు. ఇది మధ్యతరగతి సంసారానికి అందే సరదా కాదు. పని గంటలూ తక్కువేమీ కావు. చిన్న విమానానికి కూడా వెయ్యిన్నర గంటలు సులభంగా అవుతాయి. రోజుకి రెండు గంటల లెక్కన చూస్తే రెండేళ్ళు దాటుతుంది. కాబట్టి మన ఇంటి వెనక విమానం కట్టమని చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ చిన్న విమానం ఒంట్లో ఏముందో, మనం టిక్కెట్టు కొని ఎక్కే పెద్ద విమానం ఒంట్లోనూ చాలావరకు అదే ఉంటుంది. చిన్నది అర్థమైతే పెద్దదీ అర్థమవుతుంది.

నూనె డబ్బా చెప్పే పాఠం

విమానానికి రెక్కలు, తోక, ఇంజను తీసేస్తే మిగిలే మొండేన్ని ఫ్యూజిలేజ్ అంటారు. మనుషులు కూర్చునేది అందులోనే. అది తేలికగానూ ఉండాలి, గట్టిగానూ ఉండాలి. ఈ రెండూ ఒక్కచోట కుదరడమే కష్టం.

మీ ఇంట్లో ఖాళీ నూనె డబ్బా ఉంటే దాని పక్కలు చూడండి. రేకు నున్నగా ఉండదు, గాళ్ళు గాళ్ళుగా ఒత్తి ఉంటుంది. నున్నటి రేకు వేలితో నొక్కితే లోపలికి పోతుంది, గాడి ఉన్న రేకు అంత తేలిగ్గా లొంగదు. కార్తీకమాసంలో కట్టే ఆకాశదీపం చూడండి. కాగితం ఒక్కటే అయితే నలిగిపోతుంది. లోపల వెదురు పుల్లలుంటే అదే కాగితం బిగుసుకుని గాలికి నిలుస్తుంది. పుల్లలకీ కాగితం తోడు కావాలి. కాగితం లాగిపట్టకపోతే పుల్లలు పక్కకి ఒరుగుతాయి.

విమానం ఒళ్ళు సరిగ్గా అదే. అడ్డంగా గుండ్రటి చట్రాలు ఒకదాని వెనక ఒకటి నిలబెడతారు. వాటిని బల్క్‌హెడ్లు అంటారు. మన పక్కటెముకలు అనుకోండి. ముక్కు దగ్గర నుంచి తోక దాకా నిలువుగా సాధారణంగా నాలుగు గట్టి బద్దీలు పోతాయి. అవి లాంజరాన్లు, అంటే ఇంటికి దూలాలు. వాటి మధ్య సన్నటి బద్దీలు స్ట్రింగర్లు, అంటే వాసాలు. వీటన్నిటి మీదా పల్చటి అల్యూమినియం రేకు తొడుగుతారు. చిన్న విమానంలో ఆ రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు! ఇంజనుకీ మనుషులకీ మధ్య మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలు గోడ పెడతారు, మంట పుడితే వెంటనే లోపలికి రాకుండా.

ఇక్కడ గుర్తుపెట్టుకోవలసిన విషయం ఒకటుంది. ఆ రేకు అందానికి కప్పిన ముసుగు కాదు. బరువులో తన వంతు అదీ మోస్తుంది. అందుకే రేకుని చట్రానికి పట్టి ఉంచే ప్రతి రివెట్టూ లెక్కే. చిన్న రెండు సీట్ల విమానంలోనే అవి వేలకు వేలు ఉంటాయి.

ఆది జాకెట్టు, కచ్చా కుట్టు

కుట్టు వచ్చిన ఆడవాళ్ళకి ఈ పని వరస చెబితే వెంటనే పట్టేస్తారు. చూడండి.

దర్జీకి మనం ఆది జాకెట్టు ఇచ్చినట్టు, పాతకాలంలో విమానం కట్టేవాళ్ళు ముందు కర్రతోనో ఇనుముతోనో ఒక అచ్చు చేసుకునేవారు. చట్రాలు వంకర పోకుండా అందులో నిలబెట్టేవారు. ఇప్పుడు చాలా కంపెనీలు బెజ్జాలు ముందే కొలిచి కొట్టి పంపిస్తున్నాయి. ఈ రేకు బెజ్జం ఆ చట్రం బెజ్జంతో కలిస్తే చాలు, ఆకారం దానంతటదే సరిగ్గా వస్తుంది. కాగితం మీద పాటర్ను గీసి, గుర్తులు కలిపి కుట్టడం లాంటిదే.

తర్వాత కచ్చా కుట్టు. చీర అంచుకి ఫాల్ కుట్టే ముందు గుండుసూదులు పెట్టుకుంటాం కదా! ఇక్కడ క్లీకోలు అనే చిన్న స్ప్రింగు సూదులుంటాయి. శ్రావణంలాంటి పరికరంతో నొక్కి బెజ్జంలో పెడితే రెండు రేకుల్నీ పట్టుకుంటాయి, నొక్కి తీస్తే వచ్చేస్తాయి. ఏ సైజు బెజ్జానికి ఏ క్లీకోనో రంగుని బట్టి తెలుస్తుంది. ఒళ్ళంతా ఇలా తాత్కాలికంగా కూర్చి, దూరం నుంచి చూసి, కొలిచి, వంకర లేదనుకున్నాకే ముందుకి వెళ్ళాలి. ఇక్కడ తొందరపడినవాళ్ళు తర్వాత ఏడుస్తారు.

అన్నీ సరిపోయాక మళ్ళీ అన్నీ విప్పేస్తారు! కూర్చింది విప్పడమేమిటంటారా? బెజ్జాల అంచులు శుభ్రం చెయ్యడానికి. బెజ్జం వేసినప్పుడు చుట్టూ సన్నటి గరుకు లేస్తుంది. దాన్ని చేత్తో మెల్లగా గీరి నున్నగా చెయ్యాలి. ప్రతి బెజ్జానికీ, రెండు పక్కలా. ఇదంత విసుగు పని మరొకటి లేదట. కానీ వదిలేస్తే? గరుకు అంచు దగ్గరే చీలిక మొదలవుతుంది. కొత్త చీర అంచులో ఒక్క పోగు తెగితే అక్కడి నుంచే చిరుగు సాగినట్టు.

ఇది ఊరికే చెబుతున్న భయం కాదు. పైన చెప్పిన ఆరెగాన్ కంపెనీ కొన్నాళ్ళు బెజ్జాలు పోటుతో కొట్టడం మానేసి లేజరు కిరణంతో కోయించింది. ఆ బెజ్జాల అంచుల దగ్గర, రివెట్టు తల కూర్చోవడానికి గుంట ఒత్తేటప్పుడు, సన్నటి చీలికలు కనిపించాయి. కొన్నవాళ్ళు గగ్గోలు పెట్టారు. భాగాలు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. ఇంకా కొన్ని ఇబ్బందులు తోడై 2023 డిసెంబరులో ఆ కంపెనీ కోర్టు రక్షణ కోరింది, మరుసటి ఏడాది తేరుకుంది. యాభై ఏళ్ళ పేరున్న సంస్థని కూడా బెజ్జం అంచు అంత పని చేసింది.

ఒకరు లోపల, ఒకరు బయట

అంచులు గీరాక, తుప్పు పట్టకుండా ప్రైమరు పూస్తారు. అది ఆరాక అసలు కుట్టు మొదలవుతుంది. బెజ్జంలో రివెట్టు దూర్చి, బయట నుంచి ఒకరు గాలితో పనిచేసే తుపాకీ లాంటి సుత్తిని రివెట్టు తల మీద ఆనించి టకటకలాడిస్తారు. లోపలి వైపు ఇంకొకరు ఒక ఉక్కు దిమ్మెని తోకకి అదిమిపట్టి ఉంటారు. ఆ దెబ్బకి తోక అణిగి చిన్న బిళ్ళలా విచ్చుకుంటుంది. ఎంత విచ్చుకోవాలో లెక్కుంది. రివెట్టు కాడ ఎంత లావుందో, అణిగిన బిళ్ళ వెడల్పు దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి, ఎత్తు దానిలో సగం ఉండాలి. రేకు అంచుకి మరీ దగ్గరగానూ వెయ్యకూడదు. కాడ లావుకి కనీసం రెండింతల దూరం వదలాలి. అంచుకి ఆనుకుని కుడితే గుడ్డ పోగులు ఊడిపోవూ? అలాగే.

ఈ పనిలో బలం కంటే జత కుదరడం ముఖ్యం. సుత్తి ముందు ఆగాలి, దిమ్మె తర్వాత తియ్యాలి. ఇద్దరిలో ఒకరు అటూ ఇటూ అయితే రేకు మీద చంద్రవంకలా నొక్కు పడుతుంది. ఒకరు తోక గొట్టంలోకి దూరి పడుకుని పనిచెయ్యాలి. సన్నటి చేతులు, ఓపికగల మనిషి అయితే మంచిది. ఇప్పుడు కొన్ని రకాల విమానాలకి ఒక్క మనిషే బయట నుంచి లాగి బిగించే రివెట్లూ వాడుతున్నారు.

వంకర పడిన రివెట్టుని వదిలెయ్యరు. తల మధ్యలో డ్రిల్లు పెట్టి తీసేసి కొత్తది వేస్తారు. బెజ్జం పెద్దదైపోతే పెద్ద సైజు రివెట్టు వెయ్యాలి. అందుకే ‘సర్లే, ఒక్కటే కదా’ అనేవాళ్ళు ఈ పనికి పనికిరారు. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టే స్వభావం ఉన్నవాళ్ళే కావాలి. ఆ స్వభావం ఎవరిలో ఎక్కువో మీకు చెప్పక్కరలేదు!

అన్నట్టు, విమానానికీ కుట్టుమిషనుకీ చుట్టరికం మొదటి రోజు నుంచీ ఉంది. రైట్ సోదరులు 1902లో తమ గ్లైడరు రెక్కలకి గుడ్డ తొడుగుతున్నప్పుడు, అన్న విల్బర్ కుట్టుమిషను తిప్పుతుంటే తమ్ముడు ఆర్విల్ కుట్టవలసిన చోట గుర్తులు పెట్టేవాడని వాళ్ళ చెల్లెలు కేథరిన్ తండ్రికి రాసింది. 1903లో ఎగిరిన మొదటి విమానం రెక్కలకి తొడిగింది కూడా మామూలు మస్లిన్ గుడ్డే. రెండో ప్రపంచయుద్ధం వచ్చాక అమెరికాలో మగవాళ్ళు సైన్యంలోకి పోతే, లక్షల మంది ఆడవాళ్ళు విమాన కర్మాగారాల్లో రివెట్లు కొట్టడం వంటి పనులు చేశారు. 1943 నాటికి వాళ్ళ సంఖ్య మూడు లక్షలు దాటింది. వాళ్ళలో చాలామంది అంతకుముందు సుత్తి ముట్టనివాళ్ళే. కాబట్టి “ఆడపిల్లకి సుత్తి పనా?” అన్న ప్రశ్నకి జవాబు ఎనభై ఏళ్ళ కిందటే వచ్చేసింది.

మన బీచ్ రోడ్డు మీదే ఉంది

విశాఖవాళ్ళకి ఇదంతా చూడాలంటే అమెరికా పోనక్కరలేదు. రామకృష్ణా బీచ్‌లో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా ఉన్న టి.యు.-142 విమానం చూశారా? చూసే ఉంటారు. పిల్లలకి ఐస్‌క్రీము కొనిపెట్టి, ఫోటో తీసుకుని వచ్చేసి ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు కాస్త తీరిగ్గా చూడండి.

ఈ సోవియట్ విమానం 1988లో మన నౌకాదళంలో చేరింది. సముద్రం మీద గంటల తరబడి తిరుగుతూ కాపలా కాసింది. 29 ఏళ్ళ పాటు, ఆ దళంలోని విమానాలు కలిపి 30 వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరాయని నౌకాదళం గర్వంగా చెప్పుకుంటుంది. 2017 మార్చిలో తమిళనాడులోని అరక్కోణంలో వీడ్కోలు చెప్పారు. ఏప్రిల్‌లో ఈ విమానం తన ఆఖరి ప్రయాణంగా ఎగురుతూ విశాఖ వచ్చి ఐ.ఎన్.ఎస్. డేగాలో దిగింది.

దిగిందీ, మరి బీచ్ రోడ్డుకి ఎలా వచ్చింది? పొడవు 50 మీటర్ల పైమాటే, రెక్కల వెడల్పూ సుమారు అంతే. అంతటిది ఊళ్ళో వీధుల్లో పట్టదు కదా! అందుకని విడదీశారు. ఏ భాగానికా భాగం రోడ్డు మీద తీసుకొచ్చి, మళ్ళీ ఇక్కడ ఒక్కటిగా కూర్చారు. 2017 డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియం ప్రారంభించారు. అంటే మనం పైన చెప్పుకున్న కూర్పు పని మన ఊళ్ళోనే, మన కళ్ళెదుటే, అతి పెద్ద కొలతలో జరిగిందన్నమాట. ఈసారి వెళ్తే బయట నిలబడి ఆ రేకు మీద రివెట్ల వరసలు చూపించండి పిల్లలకి. వరస ఎక్కడుందో దాని వెనక చట్రమో బద్దీయో ఉందని అర్థం. బయటి కుట్టుని బట్టి లోపలి ఎముకలు తెలుస్తాయి.

ఇంకో చుట్టరికం చెబుతాను. 1940లో బెంగుళూరులో విమానాల కర్మాగారం మొదలుపెట్టిన వాల్‌చంద్ హీరాచంద్, ఆ మరుసటి ఏడాదే విశాఖలో ఓడల కర్మాగారానికి పునాది వేయించారు. ఇక్కడివాళ్ళకి ఇప్పటికీ ఆ ప్రాంతం సింధియాయే. 1948 మార్చిలో అక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడని నెహ్రూగారు నీళ్ళలోకి దింపారు. ఓడకీ విమానానికీ లోపలి కట్టుబడి ఒకటే పద్ధతి: వెన్ను, పక్కటెముకలు, మీద రేకు. ఒకటి నీళ్ళని బయట ఆపాలి, ఇంకొకటి గాలిని ఎదుర్కోవాలి. తాతల నాడు సింధియాలో పనిచేసిన కుటుంబాలు గాజువాక చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. ఉత్తరం రాసిన సోదరీ! మీ ఊరికి ఇది కొత్త విద్య ఏమీ కాదు.

ఉప్పుగాలి, చూసినా చెప్పని మాట

ఇప్పుడు కాస్త గట్టి విషయం. విశాఖలో ఇల్లున్న ప్రతి ఇల్లాలికీ ఉప్పుగాలి సంగతి తెలుసు. కిటికీ ఊచలు తుప్పు పడతాయి, ఫ్రిజ్ అడుగు పొడిరాలుతుంది. అల్యూమినియం తుప్పు పట్టదని మనం అనుకుంటాం గానీ, పడుతుంది. ఎర్రగా కాకుండా తెల్లటి పిండిలా కనిపిస్తుంది, అంతే. అందుకే విమానం రేకు మీద ఇత్తడి గిన్నెకి కళాయి వేసినట్టు స్వచ్ఛమైన అల్యూమినియం పొర వేస్తారు. రివెట్లు కూడా ఆ జాతి లోహంతోనే చేస్తారు.

1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో ఒక బోయింగ్ 737 విమానం 24 వేల అడుగుల ఎత్తున పోతుండగా ముందు భాగంలో పైకప్పు రేకు ఐదు మీటర్ల మేర చీరుకుని ఎగిరిపోయింది. అందులో 95 మంది ఉన్నారు. ఒక విమాన పరిచారిక గాలిలోకి కొట్టుకుపోయి మరణించింది. మిగిలినవాళ్ళతో పైలట్లు ఎలాగో దించగలిగారు. ఆ విమానం దీవి నుంచి దీవికి చిన్న చిన్న ప్రయాణాలు చేస్తూ దాదాపు 90 వేల సార్లు ఎగిరింది. ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి ఒళ్ళు ఉబ్బుతుంది, దిగితే తగ్గుతుంది. తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే తెగినట్టు, రివెట్ల బెజ్జాల దగ్గర సన్నటి చీలికలు పుట్టాయి. దానికి సముద్రపు ఉప్పుగాలి తోడైంది. రేకు అతుకు వదిలింది. వరసగా ఉన్న చిన్న చీలికలన్నీ ఒక్కసారిగా కలిసిపోయాయి.

ఇంతకంటే నా మనసులో నిలిచిపోయిన సంగతి మరొకటి ఉంది. ఆ రోజు విమానం ఎక్కుతున్నప్పుడు ఒక ప్రయాణికురాలు తలుపు పక్కన రివెట్ల వరసలో పొడుగాటి చీలికని కళ్ళారా చూసింది. చూసి కూడా ఎవరికీ చెప్పలేదు. దర్యాప్తు నివేదికలో ఈ మాట ఉంది. ఆవిడని తప్పుపట్టే హక్కు మనకి లేదు. ‘వాళ్ళకి తెలియదా, నేనెవరిని చెప్పడానికి?’ అని మనమైనా అనుకుంటాం. గ్యాసు వాసన వస్తే, కరెంటు మీటరు దగ్గర చిటపటలు వినిపిస్తే, బస్సు చక్రం నట్టు వదులుగా కనిపిస్తే, ‘మనకెందుకులే’ అని ఎన్నిసార్లు ఊరుకోలేదు? కనిపించింది చెప్పెయ్యండి. చదువు లేదనో, ఆడదాన్ననో వెనక్కి తగ్గకండి. తప్పయితే ఒక నవ్వుతో పోతుంది. ఒప్పయితే ప్రాణాలు నిలుస్తాయి.

ఇంట్లో ఈ పాఠం

సముద్రానికి దగ్గరలో ఉన్నవాళ్ళు అల్యూమినియం కిటికీ చట్రాలని పదిహేను రోజులకోసారి మంచినీళ్ళతో తడిపిన గుడ్డతో తుడవండి. ఉప్పు పోతే సగం బాధ పోతుంది.

అల్యూమినియం చట్రానికి మామూలు ఇనుప మరలు వేయించకండి. స్టెయిన్‌లెస్ స్టీలు మరలు, కింద ప్లాస్టిక్ వాషరు వెయ్యమని అడగండి.

చింతపండు పులుసు, ఉప్పు ఊరబెట్టిన కాయలు అల్యూమినియం గిన్నెల్లో నిలవ ఉంచకండి. జాడీ గానీ, స్టీలు గిన్నె గానీ వాడండి.

మూకుడు చెవుల దగ్గర రివెట్ల చుట్టూ జిడ్డు పేరుకుంటే వేడి నీళ్ళలో నానబెట్టి పాత బ్రష్షుతో తోమండి. చెవి ఊగుతోందంటే ఆ మూకుడుతో నూనె వంట మానెయ్యండి. బాగుచేయించాకే మళ్ళీ పొయ్యి ఎక్కించండి. కాగిన నూనె రెండో అవకాశం ఇవ్వదు.

ఇక అమ్మాయి సంగతి

సోదరీ, మీ అమ్మాయికి దారులు రెండున్నాయి.

మొదటిది విమానాల మరమ్మతు ఇంజనీరు చదువు. దీనికి సాధారణంగా ఇంటర్ ఎం.పి.సి. అడుగుతారు, మీ అమ్మాయికి ఉన్నదే. అయితే ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి. లైసెన్సు ఇచ్చేది కాలేజీ కాదు, కేంద్ర ప్రభుత్వ విమానయాన శాఖ డి.జి.సి.ఎ. వాళ్ళ పరీక్షలు పాసవ్వాలి, కొంతకాలం నిజం విమానాల మీద పనిచేసిన అనుభవం చూపాలి. కాలేజీ ఇచ్చే సర్టిఫికెట్టు చూసి లైసెన్సు వచ్చేసిందనుకోకూడదు. అనుమతి ఉన్న సంస్థల జాబితా డి.జి.సి.ఎ. వెబ్‌సైటులో ఉంటుంది. మిమ్మల్ని అడ్వాన్సు అడుగుతున్న సంస్థ పేరు అందులో ఉందో లేదో ముందు చూడండి. ఉంటే ఏ విభాగానికి అనుమతి ఉందో, ఎప్పటిదాకా ఉందో కూడా చూడండి. నిరుడు చదివినవాళ్ళలో ఎంతమంది పరీక్షలు గట్టెక్కారో, ఎక్కడ పనిచేస్తున్నారో అడగండి. అడ్వాన్సు వెనక్కి ఇచ్చే షరతు కాగితం మీద రాయించుకోండి. “వారంలోగా కట్టకపోతే సీటు పోతుంది” అన్నవాళ్ళతో “పోతే పోనివ్వండి” అనండి. పసుపుకుంకుమలకి దాచుకున్న డబ్బు ఫోను కబురు మీద ఇచ్చెయ్యకండి.

రెండోది ఖర్చు తక్కువ దారి. ఐ.టి.ఐ.లో షీట్ మెటల్ వర్కర్, ఫిట్టర్ వంటి ట్రేడులున్నాయి. రేకు కొలవడం, కోయడం, వంచడం, రివెట్టు కొట్టడం అక్కడే చేత్తో నేర్పుతారు. కంచరపాలెం వెళ్ళి ఐ.టి.ఐ.లో అడిగితే ఏ ట్రేడులు ఖాళీ ఉన్నాయో చెబుతారు. తర్వాత విశాఖ నౌకాదళ డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూలు వంటి చోట్ల అవకాశాలకి ప్రకటనలు పడుతుంటాయి. అప్రెంటిస్‌గా ఉన్నన్నాళ్ళూ స్టైపెండు ఇస్తారు. ప్రకటన వచ్చినప్పుడు వయసు, అమ్మాయిలకి వర్తించే నిబంధనలు పూర్తిగా చదివి దరఖాస్తు పెట్టించండి.

వాళ్ళ నాన్నగారితో వాదన పెట్టుకోకండి. ఒక ఆదివారం సాయంత్రం అందరూ కలిసి బీచ్ రోడ్డుకి వెళ్ళండి. నాన్నమ్మగారినీ తీసుకెళ్ళండి. ఆ పెద్ద విమానం పక్కన నిలబెట్టి, రివెట్ల వరస అంటే ఏమిటో, దాని వెనక ఏముందో అమ్మాయి చేతనే చెప్పించండి. తెలిసి చెబుతోందో, కంప్యూటర్లో చూసిన మోజో మీకు అక్కడే తెలిసిపోతుంది. మోజే అయితే నాలుగు రోజుల్లో దిగిపోతుంది. కాకపోతే, విసుగు లేకుండా వెయ్యి బెజ్జాల అంచులు గీరగలిగే పిల్ల మీ ఇంట్లో పుట్టిందన్నమాట. అలాంటి పిల్ల చేతిలో పడిన విమానంలో మనం ధైర్యంగా ఎక్కొచ్చు.

పెళ్ళిచూపుల్లో ఏమని చెప్పాలని కదా నాన్నమ్మగారి బెంగ? “మా మనవరాలు విమానానికి కుట్లు వేస్తుంది” అని చెప్పమనండి. వచ్చినవాళ్ళే ఇంకోసారి కాఫీ అడిగి, కూర్చుని వింటారు.

ఏ సంగతీ మాకు ఉత్తరం రాయండి. వచ్చే వారం కలుద్దాం.